కట్టు విప్పే వేళ: చీము పట్టిన ఎముక గాయాల పరిచర్య చరిత్ర

ఎముక విరిగి, దాని మొన చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు ఏర్పడే గాయాన్ని వైద్యులు చాలాకాలం కాంపౌండ్ ఫ్రాక్చర్ అని పిలిచారు. ఇప్పుడు ఓపెన్ ఫ్రాక్చర్ అంటున్నారు. చర్మం తెగని విరుపులో ఎముక చాలావరకు తనంతట తానే అతుక్కుంటుంది. చర్మం తెగిన విరుపులో మట్టి, బట్ట పీలికలు, వాటితో పాటు సూక్ష్మజీవులు లోపలికి చేరి, రక్తం అందని ఎముక ముక్కల మీద స్థిరపడతాయి. అలా చచ్చిన ముక్కను సీక్వెస్ట్రం అంటారు. అది శరీరంలో పరాయి వస్తువుగా మిగిలిపోయి, బయటపడేవరకు చీమును ఊరిస్తూనే ఉంటుంది. ఆ చీము చర్మంలో సైనస్ అనే సన్నని దారి చేసుకొని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి కారుతుంది. ఎముకకూ మూలుగకూ పట్టే ఈ వ్యాధికి ఆస్టియోమైలైటిస్ అనే పేరు 1844లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు నెలాటన్ వల్ల స్థిరపడింది.

ఈ వ్యాధి చరిత్రను శస్త్రవైద్యుల పేర్లతోనూ మందుల పేర్లతోనూ చెప్పడం పరిపాటి. అయితే చీము పట్టిన ఎముక ఏ ఒక్క శస్త్రచికిత్సతోనూ ఒక్కరోజులో నయమయ్యేది కాదు గనుక, ఆ వైద్యులు కనిపెట్టిన పద్ధతులు నెగ్గినా, వీగిపోయినా, మంచం పక్కన రాత్రింబగళ్లు నిలిచిన పరిచారికల చేతుల్లోనే ఆ సంగతి తేలింది. ఆ పరిచర్యను మొదటినుంచీ వెంటాడిన ప్రశ్న ఒకటుంది: గాయం మీది కట్టును ఎంతకాలానికి ఒకసారి విప్పాలి? విప్పిన ప్రతిసారీ లేత కండ చినిగి, బయటి సూక్ష్మజీవికి దారి దొరుకుతుంది. విప్పకుండా ఉంచితే లోపల ఏం జరుగుతున్నదో తెలియదు. గత నూట అరవై ఏళ్లలో ఈ ప్రశ్నకు రెండు గంటలు మొదలుకొని అనేక వారాల వరకు రకరకాల జవాబులు వచ్చాయి, ప్రతి జవాబూ నర్సు పనిని కొత్తగా మలిచింది.

గాయపడినవారి పరిచర్యను ఒక శాస్త్రవిషయంగా చూసిన ప్రాచీన గ్రంథాల్లో సుశ్రుత సంహిత ముఖ్యమైనది. దాని సూత్రస్థానంలోని 19వ అధ్యాయం, అంటే వ్రణితోపాసనీయం, కేవలం వ్రణితుని సంరక్షణకే కేటాయించినది. రోగి ఉండే గది శుభ్రంగా, ఎండా ఈదురుగాలీ సోకకుండా ఉండాలని, పడక విశాలంగా మెత్తగా ఉండాలని, ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి రోజుకు రెండుసార్లు పదిరోజులపాటు ధూపం వేయాలని అందులో ఉంది. చికిత్సాస్థానంలో విరిగిన ఎముకల చికిత్సకు వేరే అధ్యాయమే ఉంది. చరక సంహిత వైద్యుడు, ఔషధం, రోగి అనే మూడింటి సరసన పరిచారకుణ్ణి చికిత్సకు నాలుగవ పాదంగా నిలిపి, పరిచర్యలో జ్ఞానం, నేర్పు, రోగి పట్ల అనురాగం, శుచిత్వం అతనికి ఉండవలసిన గుణాలని చెప్పింది. పరిచర్యను వైద్యంతో సమానమైన అంగంగా లెక్కించిన ఈ దృష్టి తరువాతి శతాబ్దాల్లో అంతే బలంగా నిలవలేదన్నది విచారించవలసిన విషయం.

యూరప్‌లో 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే తుపాకి గాయాల్లో మరిగే నూనె పోసే ఆచారాన్ని మాన్పించడానికి పాటుపడ్డాడు. అయినా ఎముక బయటపడిన గాయానికి కాలు తీసివేయడమే క్షేమమన్న అభిప్రాయం 19వ శతాబ్ది మధ్య వరకు బలంగానే ఉంది. ఆ కాలపు బ్రిటిష్ ఆసుపత్రుల్లో గాయం కట్లు మార్చే పని ఎక్కువగా డ్రెస్సర్లనే వైద్య విద్యార్థులది; నర్సుల పని వార్డు తుడవడానికీ, రోగికి అన్నపానాలు అందించడానికీ పరిమితమై ఉండేది. ఒకే స్పాంజితో ఒక మంచం నుంచి మరో మంచానికి గాయాలు కడుగుతూ పోవడం మామూలు విషయం. ఆసుపత్రిలో చేరడమే గాయాన్ని కుళ్లబెడుతున్నదన్న సంగతి చాలామంది గమనించినా, దానికి కారణం గాలిలోని దుర్గంధమని నమ్మారు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా మొదట ఆ నమ్మకంలోనే ఉన్నది. 1854 నవంబరులో 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరిన ఆమె శుభ్రతను, గాలి వెలుతురును, పోషణను, లెక్కల నమోదును పరిచర్యకు పునాదులుగా చేసింది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం నెలకొల్పింది. మంచాన కదలక పడుకున్న రోగికి వీపున, మడమల మీద పడే ఒరుపు పుండును పరిచర్యలోని లోపానికి గుర్తుగా చూడాలని ఆమె పట్టుబట్టింది. ఎముక గాయంతో నెలల తరబడి మంచం పట్టిన రోగి విషయంలో ఈ పట్టుదల విలువ ఎంతైనా చెప్పవచ్చు. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని ఆమె ఆలస్యంగానే అంగీకరించినా, ఆమె అలవాటు చేసిన శుభ్రత ఆ సిద్ధాంతానికి ముందే దారి చదును చేసింది.

ఆ సిద్ధాంతాన్ని గాయం దగ్గరకు తెచ్చినవాడు జోసెఫ్ లిస్టర్. గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీలో 1865 ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ల బాలుణ్ణి ఎడమ కాలి మీదుగా బండి చక్రం పోయి, ఎముక విరిగి, చర్మం చీలిన స్థితిలో చేర్పించారు. లిస్టర్ సూచనపై గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన మెత్తటి బట్టతో కప్పి, బద్దలు కట్టి, నాలుగు రోజులు విప్పకుండా ఉంచారు. విప్పినప్పుడు చీము లేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. ఇటువంటి పదకొండు ఓపెన్ ఫ్రాక్చర్ల వృత్తాంతాన్ని ఆయన 1867లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. వారిలో ఒకరు మరణించారు, ఒకరి కాలు తీసివేయవలసి వచ్చింది, తొమ్మిదిమంది అవయవాలతో సహా కోలుకున్నారు. లోకాన్నంతటినీ మార్చిన యాంటిసెప్టిక్ పద్ధతి, అంటే సూక్ష్మజీవులను రసాయనంతో చంపే పద్ధతి, చీము పట్టబోయే ఎముక గాయం వద్దనే పుట్టిందన్నది గుర్తుంచుకోదగినది. ఆ పద్ధతికి క్రమం తప్పని చేతులు కావాలి. కార్బాలిక్ ఆమ్లం పాలు హెచ్చితే చర్మం కాలుతుంది, తగ్గితే ప్రయోజనం ఉండదు. కట్టు అంచు నుంచి ఎక్కడ తడి ఊరుతున్నదో కనిపెట్టాలి, చేతులూ పనిముట్లూ ద్రావణంలో ముంచాలి. ఈ పని చేయగల శిక్షణ పొందిన నర్సు అవసరం ఆసుపత్రులకు అప్పుడే తెలిసివచ్చింది. 1880లో పాశ్చర్ ఒక సెగ్గడ్డలోనూ, ఎముక చీములోనూ ఒకే సూక్ష్మజీవిని చూసి, ఆస్టియోమైలైటిస్‌ను ఎముక మూలుగకు లేచిన సెగ్గడ్డగా వర్ణించాడు. దాదాపు అదే కాలంలో స్కాట్లండ్‌కు చెందిన ఆగ్‌స్టన్ ఆ జీవిని గుర్తించి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు.

ఎముకల వ్యాధులకు ప్రత్యేకమైన నర్సింగ్ అనేది రూపుదిద్దుకోవడం మాత్రం ఒక రోగి వల్ల జరిగింది. 1866లో పుట్టిన ఆగ్నెస్ హంట్ బాల్యంలో మడమ మీది బొబ్బ చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కి, తుంటి కీలు ఎముకకు పాకడంతో జీవితాంతం కుంటుతనంతో, నొప్పితో బతికింది. అటువంటి శరీరంతోనే ఆమె నర్సు శిక్షణ పూర్తిచేసి, 1900లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతపు బాస్‌చర్చ్ గ్రామంలో వికలాంగ బాలలు కోలుకునేందుకు ఒక గృహం తెరిచింది. ఇంటిలో పై అంతస్తుకు పిల్లలను మోసుకుపోవడం కష్టమైనందువల్ల, పెరట్లోని పాకలనే వార్డులుగా మార్చారు. మూడు గోడలతో, ఒక వైపు తెరిచిన ఆ పాకల్లో పిల్లలు చలికాలంలోనూ ఆరుబయటి గాలిలోనే పడుకున్నారు. అవసరం కొద్దీ చేసిన ఆ ఏర్పాటు వల్ల కీళ్ల క్షయతో, చీము కారే ఎముకలతో వచ్చిన పిల్లల ఆకలి, నిద్ర, బరువు మెరుగుపడటం ఆమె గమనించింది.

ఈమె వద్దకు లివర్‌పూల్ నుంచి వచ్చి శస్త్రచికిత్సలు చేసిన రాబర్ట్ జోన్స్, థామస్ స్ప్లింట్ రూపకర్త హ్యూ ఓవెన్ థామస్‌కు మేనల్లుడు. వేల్స్‌లో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టి, వైద్యశాస్త్రం చదివిన థామస్, వ్యాధి సోకిన కీలుకు దీర్ఘకాలం, ఎడతెగకుండా, రాజీలేకుండా విశ్రాంతి ఇవ్వాలని బోధించాడు. తొడ మొదట తోలు చుట్టిన ఇనుప కడియం, దాని నుంచి పాదం దాటి సాగే రెండు కమ్మీలు కలిసినదే అతని స్ప్లింట్. విశ్రాంతి ఇవ్వాలని బోధించడం వేరు, ఏడెనిమిదేళ్ల పిల్లవాణ్ణి నెలల తరబడి ఆ ఇనుప చట్రంలో ఉంచుతూనే అతని చర్మం ఒరుసుకుపోకుండా, పాదం వాలిపోకుండా, మనసు కుంగిపోకుండా చూడటం వేరు. ఆ రెండవ విద్యను పోగుచేసింది బాస్‌చర్చ్ నర్సులు: కడియం కింది చర్మాన్ని రోజూ జరిపి తుడవడం, కాలివేళ్ల రంగూ వెచ్చదనమూ పట్టి చూడటం, కారే చీము మంచి చర్మాన్ని తినివేయకుండా కాపాడటం, పడకపైనే చదువూ ఆటలూ నడపడం. ఇంటికి వెళ్లినవారి కోసం చుట్టుపక్కల పట్టణాల్లో క్లినిక్కులు కూడా ఆమె ఏర్పాటుచేసింది. ఆ సంస్థ 1921లో ఆస్వెస్ట్రీకి తరలింది. 1926లో ఆగ్నెస్ హంట్‌కు డేమ్ బిరుదు లభించింది. చీము పట్టిన ఎముక బాధ తన ఒంటిపై అనుభవించిన మనిషి ఆ పరిచర్యకు పద్ధతి ఏర్పరచడం వల్లనే, రోగి సౌఖ్యం ఆ విద్యలో చివరి అధ్యాయంగా కాక తొలి నియమంగా నిలిచింది.

మొదటి ప్రపంచయుద్ధం ఈ కొద్దిమంది ఎరిగిన విద్యను వేలమందికి అవసరమైనదిగా చేసింది. ఫ్రాన్స్, బెల్జియంల యుద్ధభూమి శతాబ్దాలుగా పశువుల ఎరువు పడిన పొలం. ఆ మట్టిలో ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ క్రిములు నిండి ఉన్నాయి. గ్యాస్ గాంగ్రీన్ అంటే గాలి అందని చచ్చిన కండలో క్రిములు పెరిగి వాయువు పుట్టించి, గంటల్లో అవయవాన్ని కుళ్లజేసే జబ్బు. తొడ ఎముక విరిగిన సైనికుల్లో మరణాలు యుద్ధారంభంలో నూటికి 80 వరకు ఉండేవని, థామస్ స్ప్లింట్‌ను వాడుకలోకి తెచ్చాక 20కి దిగాయని రాబర్ట్ జోన్స్ లెక్కగా ప్రసిద్ధమైన మాట. అయితే చచ్చిన కండను పూర్తిగా కోసివేయడం, రక్తం ఎక్కించడం, క్షతగాత్రులను వేగంగా తరలించడం వంటి మార్పులూ ఆ కాలంలోనే వచ్చాయి గనుక, ఆ ఖ్యాతినంతా స్ప్లింట్‌కే ఇవ్వడం న్యాయం కాదు.

ఆ యుద్ధంలోనే కట్టు విప్పే ప్రశ్నకు అత్యంత కఠినమైన జవాబు వచ్చింది. ఫ్రాన్స్‌లోని కోంపియెన్‌లో అలెక్సిస్ కారెల్, రసాయనవేత్త హెన్రీ డేకిన్ కలిసి సుమారు 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో గాయాలను తడిపే పద్ధతి రూపొందించారు. గాయం మూలమూలకూ చిల్లులున్న సన్నని రబ్బరు గొట్టాలు అమర్చి, మంచం పైన వేలాడే సీసా నుంచి రెండు గంటలకు ఒకసారి, పగలూ రాత్రీ, ద్రావణం వదలాలి. ద్రావణం త్వరగా సత్తువ కోల్పోతుంది గనుక తాజాగా ఉండాలి. పాలు పెరిగితే కండ కాలుతుంది, తగ్గితే క్రిములు చావవు. చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని వాసెలిన్ పట్టించిన గాజుగుడ్డతో కప్పాలి. గాయం స్రావాన్ని తరచుగా గాజుపలకపై తీసి సూక్ష్మదర్శినిలో క్రిములను లెక్కించి, ఆ లెక్క దాదాపు శూన్యానికి దిగాక గాయాన్ని కుట్టేవారు. గొట్టం మడతపడిందా, ద్రావణం గాయంలోకి కాక పరుపులోకి పోతున్నదా అని ప్రతి మంచం దగ్గరా రెండు గంటలకోసారి చూసే నర్సు లేనిచోట ఈ పద్ధతి విఫలమైంది. విఫలమైన చోట్ల నింద మాత్రం తరచుగా ద్రావణానికే దక్కింది. కారెల్ భార్య ఆన్-మారీ స్వయంగా శస్త్రచికిత్సా నర్సుగా ఆ ఆసుపత్రిలో పనిచేసింది. ఆ పద్ధతికి ఇద్దరు పురుషుల పేర్లే మిగిలాయి.

అదే యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు 1914 చివరి నుంచి 1916 ఆరంభం వరకు బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్ ఆసుపత్రి అయింది. అక్కడ మతాచారాలకు తగిన వేర్వేరు వంటశాలలు ఏర్పరచారు. అయితే తెల్లజాతి స్త్రీలు భారతీయ పురుషుల శరీరాలను తాకి సేవచేయడం పాలకులకు రుచించక, మహిళా నర్సులను పర్యవేక్షణకే పరిమితం చేసి, చేతిపనిని మగ ఆర్డర్లీలకు వదిలారు. శిక్షణ పొందిన చేతులు అందుబాటులో ఉండగా, జాతి భేదం వాటిని గాయానికి దూరంగా ఉంచింది.

రెండు గంటల పద్ధతికి పూర్తి విరుద్ధమైన ఆలోచన అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన విన్నెట్ ఆర్ అనే వైద్యుడిది. యుద్ధంలో ప్లాస్టర్ కట్లతో దూరప్రయాణం చేసి వచ్చిన సైనికుల గాయాలు, దారిలో ఎవరూ విప్పనందువల్లనే బాగా మానాయని ఆయన గమనించాడు. చీము పట్టిన ఎముకను తెరిచి, చచ్చిన ముక్కలు తీసివేసి, వాసెలిన్ గాజుగుడ్డ దట్టించి, పై నుంచి కాలంతా ప్లాస్టర్ వేసి, వారాల తరబడి ముట్టకుండా ఉంచడం ఆయన పద్ధతి. 1929లో దీనిపై పుస్తకం వెలువరించాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో బార్సిలోనా వైద్యుడు జోసెప్ ట్రుయేటా గాయాన్ని లోతుగా కోసి శుభ్రం చేయడాన్ని ఇదే సూత్రానికి జోడించి, 1073 మంది క్షతగాత్రుల్లో ఆరుగురే మరణించారని ప్రకటించాడు.

ఈ పద్ధతిలో నర్సుకు పని తగ్గిందని పైకి అనిపించవచ్చు. నిజానికి పని స్వభావం మారింది. ప్లాస్టర్ లోపల స్రావం నాని, వార్డంతా భరించరాని దుర్వాసన వ్యాపించేది. ఆ వాసన వచ్చినంత మాత్రాన కట్టు విప్పకూడదు. అలాగని గ్యాస్ గాంగ్రీన్ మొదలైతే గంట ఆలస్యం కూడా ప్రాణాంతకం. గాయం కళ్లకు కనబడని స్థితిలో నాడి, జ్వరం, నొప్పి తీరు, కాలివేళ్ల రంగు, వాపు, ప్లాస్టర్ పైకి పొడసూపే మరక, ముఖం తీరు వీటిని బట్టి లోపలి పరిస్థితిని ఊహించి, వైద్యుణ్ణి ఎప్పుడు పిలవాలో తేల్చుకోవలసింది నర్సే. పరిచర్యలో చేతి నేర్పుతో సమానంగా పరిశీలనకూ, తీర్పుకూ స్థానం కల్పించినది ఈ ముట్టని పద్ధతేనని చెప్పవచ్చు.

ఇదే దశాబ్దాల్లో బాల్టిమోర్‌లో విలియం బేర్ అనే శస్త్రవైద్యుడు మరో దారి తొక్కాడు. 1917లో ఫ్రాన్స్‌లో ఏడురోజులు యుద్ధభూమిలో పడివున్న ఇద్దరు సైనికుల గాయాల్లో ఈగ పురుగులు నిండి ఉండగా, కింద ఎర్రని కొత్త కండ కనిపించడం ఆయన మరువలేదు. 1928 నుంచి మానని ఆస్టియోమైలైటిస్ రోగుల గాయాల్లో ఆ పురుగులను ఉద్దేశపూర్వకంగా వదిలాడు. కొందరికి ధనుర్వాతం సోకడంతో, గుడ్లను సూక్ష్మజీవిరహితం చేసి పెంచే విధానం కనిపెట్టాడు. పురుగులు చచ్చిన కణజాలాన్ని కరిగించి తింటాయి, బతికిన కండ జోలికి పోవు. గాయం చుట్టూ జాలీ పంజరం అమర్చడం, నాలుగైదు రోజులకు పాత పురుగులను కడిగివేసి కొత్తవి వేయడం, ఆ పాకుడుకు అసహ్యపడే రోగికి ధైర్యం చెప్పడం నర్సుల బాధ్యత. 1930లలో అమెరికాలో మూడువందలకు పైగా ఆసుపత్రులు ఈ చికిత్స చేశాయి. శుద్ధిచేసిన పురుగులను అమ్మకానికి తయారుచేసిన సంస్థ లెడర్లే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో చేరి పరిశోధనకు నాయకత్వం వహించిందీ ఆ సంస్థలోనే. ఆయన సారథ్యంలోనే అక్కడినుంచి 1948లో ఆరియోమైసిన్, అంటే టెట్రాసైక్లిన్ వర్గంలో తొలి యాంటిబయాటిక్, లోకానికి వెల్లడయింది. పురుగుల యుగాన్ని వెనక్కు నెట్టిన మందుల వరుసలో తెలుగువాడి పరిశోధనాశాల ఆ విధంగా చోటు సంపాదించింది.

ఆ మందుల్లో మొదటిదైన పెనిసిలిన్ తొలి సంవత్సరాల్లో శరీరం నుంచి మూత్రం ద్వారా త్వరగా వెళ్లిపోయేది గనుక, మూడు గంటలకు ఒకసారి కండలోకి ఇంజెక్షన్ ఇవ్వవలసి వచ్చేది. కట్టు విప్పే పని తగ్గిన నర్సుకు రాత్రి నిద్ర మాత్రం దొరకలేదు. ఆస్టియోమైలైటిస్‌తో వచ్చిన పిల్లల మరణాలు పెనిసిలిన్ తరువాత గణనీయంగా పడిపోయాయి. ఆ విజయం ఎక్కువకాలం నిలవలేదు: 1950లకు పెనిసిలిన్‌ను విచ్ఛిన్నం చేసే స్టెఫిలోకాకస్ ఆసుపత్రుల్లో ప్రబలింది, 1961 నాటికే మెథిసిలిన్ అనే మందుకు కూడా లొంగని రకం ఇంగ్లండ్‌లో కనబడింది. ఇంగ్లండ్‌లోని టోర్‌బే ఆసుపత్రిలో 1959లో ఒక నర్సును కేవలం అంటువ్యాధుల నివారణకే నియమించారు. ఏ వార్డులో ఏ గాయానికి చీము పట్టింది, అది ఎవరి చేతుల ద్వారా వెళ్లింది అని గాలించే ఉద్యోగానికి అది నాంది. తుంటి కీలు మార్పిడిని 1960లలో స్థిరపరచిన జాన్ చార్న్‌లీ శుద్ధిచేసిన గాలి ప్రసరించే శస్త్రచికిత్సా గదితో చీము పట్టడాన్ని నూటికి ఒకటి స్థాయికి తగ్గించాడు.

తెలుగునాట ఎముకలు కట్టే విద్య ఆసుపత్రుల కంటే పాతది. పుత్తూరు కట్టు పేరు తమిళ, కన్నడ సీమల్లోనూ వినబడుతుంది. అయితే చర్మం తెగని విరుపుకు పనికివచ్చే బిగుతు కట్టు, చర్మం తెగిన గాయం మీద పడితే వాపుకు చోటులేక రక్తప్రసారం ఆగి, కాలికే ముప్పు తెస్తుంది. శిక్షణ పొందిన నర్సింగ్ ఈ ప్రాంతంలో మిషన్ ఆసుపత్రుల ద్వారా వేళ్లూనుకుంది; అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో తెరిచిన ఆసుపత్రి వాటిలో పేరెన్నికగన్నది. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టంతో శిక్షణకు దేశమంతటా ఒకే ప్రమాణం ఏర్పడింది. నేటి నిమ్స్ 1960లలో నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగానే మొదలయింది. ఇంత జరిగినా, ఇక్కడి పెద్ద ఆసుపత్రుల వార్డుల్లో రోగిని ఒత్తిగిలించడం, తుడవడం, అన్నం తినిపించడం చాలావరకు మంచం పక్కన కూర్చునే తల్లి, భార్య లేదా అన్నదమ్ముల మీదే పడుతున్నది; నర్సింగ్ చరిత్ర రాసేవారు ఈ పేరులేని పరిచారకులను ఇంతవరకు తగినంతగా పట్టించుకోలేదు.

ఎముక చికిత్స ఇటీవల ఈ ఇంటివారి చేతుల్లోకి మరింతగా వచ్చింది. సైబీరియాలోని కుర్గాన్‌లో గవ్రిల్ ఇలిజరోవ్ 1950లలో రూపొందించి, 1980 తరువాత పశ్చిమ దేశాలకు చేరిన వలయాల చట్రం, చీము పట్టిన ఎముక భాగాన్ని తొలగించి ఆ ఖాళీని కొత్త ఎముకతో పూరించే వీలు కల్పించింది. అందులో చర్మం గుండా ఎముకలోకి పోయే సన్నని తీగలు నెలల తరబడి అలాగే ఉంటాయి, ప్రతి తీగ చుట్టూ చర్మం ఒక చిన్న తెరిచిన గాయమే. 1997లో అమెరికాకు చెందిన అర్జెంటా, మోరిక్వాస్ ప్రచురించిన వాక్యూమ్ కట్టు పద్ధతిలో గాయంపై స్పాంజి పెట్టి, పైన పారదర్శక పొరతో మూసి, యంత్రంతో గాలిని పీలుస్తారు. సాధారణంగా రెండు మూడు రోజులకు స్పాంజి మారుస్తారు. అంటే లిస్టర్ తొలి కట్టు విప్పిన నాలుగు రోజులకు దగ్గరగానే నేటి యంత్రమూ వచ్చి నిలిచింది. తీగల చుట్టూ చర్మాన్ని రోజూ శుభ్రం చేయాలా, వారానికోసారి చాలా, ఉప్పు నీరు వాడాలా, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశిని వాడాలా అన్నదానిపై నిపుణుల్లో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. అందువల్ల ఆ నియమాలు ఆసుపత్రికొక తీరుగా ఉంటున్నాయి; రోగిని ఇంటికి పంపేముందు నర్సు ఆ ఇంటివారిలో ఒకరిని మంచం దగ్గర కూర్చోబెట్టి, చేతులు ఎలా కడుక్కోవాలో, ఏ ఎరుపు మామూలుదో, ఏ ఎరుపు, ఏ నొప్పి, ఏ స్రావం కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకుండా తిరిగి రావాలో చేసి చూపి నేర్పుతున్నది.